ఏసీ పైపుకు ఐస్ కట్టిందా? గ్యాస్ నింపించే ముందు ఇవన్నీ చూడండి

నేను ఒడిశాలోని బరంపురంలో ఏసీ మెకానిక్‌ని. ఏప్రిల్ మొదలైతే చాలు, నా ఫోను పొద్దున ఏడింటికే మోగుతుంది. తెలుగు వాళ్లు "గ్యాస్ అయిపోయింది బాబూ, వచ్చి నింపేసి వెళ్లు" అంటారు. ఒడియా వాళ్లు "గ్యాస్ సొరిగొలా" అంటారు, అర్థం అదే. వెళ్లి చూస్తే లావు పైపు మీద తెల్లగా ఐస్ పేరుకుని ఉంటుంది. లోపల గాలి సరిగా రాదు, గోడ మీంచి నీళ్లు కారి పరుపు తడిసిపోయి ఉంటుంది. జబ్బేమిటో ఇంకా ఎవరూ చూడలేదు, మందు మాత్రం అడిగేస్తున్నారు.

ఏసీలో గ్యాస్ స్కూటర్లో పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసిన పైపుల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. ఎక్కడా చిల్లు పడకపోతే పదేళ్ల తర్వాత కూడా మొదట్లో నింపినంతా అందులోనే ఉంటుంది. తగ్గిందంటే లీకు ఉన్నట్టే. ఐస్ కట్టడానికి మాత్రం లీకుతో సంబంధం లేని కారణాలు చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఇంట్లో మీరే చూసుకోగలరు. మీరు ఎక్కడి దాకా చేతులు పెట్టొచ్చు, ఎక్కడ ఆగాలి, మెకానిక్ వచ్చాక ఏం గమనించాలి అన్నది వరుసగా చెబుతాను. ఇది గోడకు బిగించే స్ప్లిట్ ఏసీ గురించి. గాలి గురించి చెప్పేదంతా విండో ఏసీకి కూడా పనికొస్తుంది.

అసలు ఐస్ ఎందుకు కడుతుంది

లోపలి యూనిట్‌లో రాగి గొట్టాలు, వాటిని పట్టుకుని పల్చటి అల్యూమినియం రేకులు ఉంటాయి. దాన్నే కాయిల్ అంటాం. అందులో గ్యాస్ మరుగుతుంది. నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరిగితే, ఇది సుమారు 5 నుంచి 10 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. మరగడానికి కావాల్సిన వేడిని గది గాలి నుంచి లాక్కుంటుంది. ఆ గాలిని కాయిల్ మీదికి తెచ్చే పని బ్లోవర్‌ది.

ఇక్కడ రెండు రకాలుగా తేడా రావచ్చు. గాలి తగ్గితే కాయిల్‌కు వేడి అందదు, దాని ఉష్ణోగ్రత సున్నా కిందికి జారిపోతుంది. గ్యాస్ తగ్గితే ప్రెషర్ పడిపోతుంది, ప్రెషర్ పడితే గ్యాస్ మరిగే ఉష్ణోగ్రత కూడా పడిపోతుంది. రెండు దార్లూ చేరేది సున్నాకే. మామూలుగా అయితే గాలిలోని తేమ కాయిల్ మీద చెమటలా పట్టి ట్రేలోకి కారి, డ్రెయిన్ పైపులోంచి బయటికి పోవాలి. సున్నా కిందికి పోతే అది అక్కడే గడ్డకడుతుంది. ఆ గడ్డ గాలికి అడ్డం పడుతుంది. గాలి ఇంకా తగ్గుతుంది, ఐస్ ఇంకా పెరుగుతుంది. ఒకసారి మొదలైతే దానంతట అది ఆగదు.

మా వైపు ఇది తొందరగా ముదరడానికి కారణం సముద్రం. గోపాల్‌పూర్ తీరం మాకు పదిహేను కిలోమీటర్ల దూరం. ఉక్కపోత రోజుల్లో ఒకటిన్నర టన్ను ఏసీ గంటకు లీటరు నుంచి రెండు లీటర్ల దాకా నీళ్లు తీస్తుంది. మీ డ్రెయిన్ పైపు కింద బకెట్ పెట్టి చూడండి, మీకే తెలుస్తుంది. ఆ నీళ్లన్నీ కాయిల్ మీదే గడ్డకడితే పైపు ఎంత సేపట్లో తెల్లబడుతుందో ఆలోచించండి.

టన్ను అనే మాట కూడా ఐస్ నుంచే వచ్చింది. సుమారు 907 కిలోల ఐస్ ఇరవై నాలుగు గంటల్లో కరగడానికి ఎంత వేడి తీసుకుంటుందో అంత వేడిని లాగగలిగితే దాన్ని ఒక టన్ను అంటారు. మిషన్ బరువుకూ దానికీ సంబంధం లేదు. ఈ సంగతి తెలియక చాలామంది తికమకపడతారు.

ఐస్ కనపడగానే ఏం చేయాలి

మొదట ఫొటో తీయండి. నేను అందరికీ ముందు చెప్పేది ఇదే. ఐస్ ఎక్కడ కట్టింది అన్నదే సగం రోగ నిర్ధారణ. మెకానిక్ వచ్చేసరికి అది కరిగిపోతుంది, ఇక అతను ఊహించి పని మొదలుపెడతాడు. ముందు మూత తెరిచి దుమ్ము ఆపే జాలీలు (ఫిల్టర్లు) తీస్తే కాయిల్ కనపడుతుంది, దాన్నొకటి తీయండి. బయటి యూనిట్ పక్కన పైపులు బిగించిన చోట, లావు పైపు, సన్న పైపు రెండూ కనపడేలా ఇంకొకటి తీయండి. బయటి యూనిట్ చేతికందని ఎత్తులో గోడకు వేలాడుతుంటే మాత్రం కిటికీలోంచి వంగి తీయకండి. ఆ ఫొటో లేకపోయినా ఫర్వాలేదు.

తర్వాత రిమోట్‌లో కూల్ మోడ్ తీసేసి ఫ్యాన్ మోడ్ పెట్టండి, స్పీడు ఎక్కువ పెట్టండి. కంప్రెసర్ ఆగుతుంది, బ్లోవర్ మాత్రం తిరుగుతూ గది గాలితో ఐస్‌ను కరిగిస్తుంది. పొర పల్చగా ఉంటే గంట చాలు, బాగా గడ్డకట్టి ఉంటే మూడు నాలుగు గంటలు పడుతుంది. బ్లోవర్ ఐస్‌కు తగిలి టకటక శబ్దం వస్తుంటే ఫ్యాన్ కూడా వద్దు. ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్) దించేసి, మూత తెరిచి వదిలేయండి. ఎదురుగా టేబుల్ ఫ్యాన్ పెడితే ఇంకా త్వరగా కరుగుతుంది.

ఐస్ కరిగేటప్పుడు నీళ్లు ఒక్కసారిగా దిగుతాయి. కింద ఉన్న మంచం, టీవీ, స్విచ్‌బోర్డు సంగతి చూసుకోండి. పాత తువ్వాళ్లు పరిచి, బకెట్ పెట్టండి.

చేయకూడనివి కూడా చెప్పాలి. చాకుతోనో స్క్రూడ్రైవర్‌తోనో ఐస్ గీకొద్దు. రాగి గొట్టం గోడ చాలా పల్చన, ఒక్క పోటు చాలు చిల్లు పడటానికి. అప్పటిదాకా లేని లీకు అప్పుడు మొదలవుతుంది. వేడినీళ్లు పోయొద్దు, పక్కనే కరెంటు బోర్డు ఉంటుంది. ఐస్ ఉండగానే "కాసేపు చల్లగా ఉంటుంది కదా" అని నడపొద్దు. కాయిల్‌లో మరగని గ్యాస్ ద్రవంగానే కంప్రెసర్‌లోకి వెళ్లి ఆయిల్‌ను పల్చబరుస్తుంది. కంప్రెసర్ పోతే ఆ ఖర్చుకు కొత్త ఏసీ కొనాలా అన్న ఆలోచన వస్తుంది.

ఐస్ కట్టిన చోటు ఏం చెబుతుంది

ఫొటో ముందు పెట్టుకుని చూడండి. కాయిల్ ఈ చివర నుంచి ఆ చివర దాకా సమంగా తెల్లబడి, లావు పైపు కూడా బయటిదాకా తెల్లగా ఉంటే గాలి తక్కువైనట్టు. కాయిల్‌లో ఒక మూల, రెండు మూడు వరసల మీదే ఐస్ ఉండి మిగతాది పొడిగా ఉంటే గ్యాస్ తగ్గినట్టు. బయటి యూనిట్ దగ్గర సన్న పైపు నట్టు మీద మంచు పట్టి, లావు పైపు చల్లగా లేకపోయినా అనుమానం గ్యాస్ మీదికే వెళ్తుంది. మామూలు స్ప్లిట్ ఏసీల్లో గ్యాస్ ప్రెషర్ తగ్గించే కేపిలరీ అనే సన్నటి గొట్టం బయటి యూనిట్‌లోనే ఉంటుంది కాబట్టి సన్న పైపు చల్లగా ఉండటం, చెమట పట్టడం మామూలే. మంచు పట్టడం మాత్రం మామూలు కాదు.

ఒక చిక్కుంది. గ్యాస్ తక్కువైన ఏసీని రాత్రంతా అలాగే నడిపితే, మూలన మొదలైన ఐస్ పాకి పాకి కాయిల్ అంతా కప్పేస్తుంది. గాలి ఆగిపోతుంది, లావు పైపు కూడా తెల్లబడుతుంది. అప్పుడు రెండు జబ్బులూ ఒకేలా కనపడతాయి. అందుకని పూర్తిగా కరిగాక మళ్లీ కూల్‌లో పెట్టి మొదటి ఇరవై నిమిషాలు దగ్గరుండి గమనించండి. తొలి మంచు ఎక్కడ పడుతుందో అదే నమ్మదగ్గ సాక్ష్యం. ఈ ఇరవై నిమిషాలు ఓపిక పట్టే మెకానిక్ మీకు దొరికితే అతన్ని వదులుకోకండి.

గాలి: ఇక్కడే ఎక్కువసేపు ఆగాలి

జాలీ నుంచి మొదలుపెట్టండి. తీసి వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి. అవతలి వెలుతురు స్పష్టంగా కనపడాలి. నల్లా కింద, గాలి వెళ్లే దిశకు ఎదురు వైపు నుంచి నీళ్లు పడేలా కడగండి, మెత్తటి బ్రష్ వాడండి, నీడన ఆరబెట్టండి. ఎండలో పెడితే ప్లాస్టిక్ ఫ్రేము వంకరపోయి మళ్లీ సరిగ్గా కూర్చోదు. తడి జాలీ పెట్టేయకండి, దానికి దుమ్ము ఇంకా గట్టిగా అంటుకుంటుంది.

ఎన్నాళ్లకోసారి కడగాలన్నది ఇంటిని బట్టి ఉంటుంది. మామూలు ఇంట్లో వేసవిలో పదిహేను రోజులకోసారి. అస్కా రోడ్డు లాంటి పెద్ద రోడ్డు పక్కన ఉంటే వారానికోసారి. పట్టు మగ్గాలున్న ఇళ్లలో సన్నటి పోగులు జాలీకి దుప్పటిలా పట్టేస్తాయి, అక్కడ కూడా వారమే. బడా బజార్‌లో ఒక అప్పడాల దుకాణంలో నేను చూసిన జాలీ తెల్లగా, శుభ్రంగా ఉన్నట్టే కనపడింది. వేలితో గీస్తే మినప్పిండి. కాయిల్ తడికి ఆ పిండి ముద్దగా మారి రేకుల మధ్య సున్నం పూసినట్టు గట్టిపడింది. అలాంటి చోట జాలీ రోజూ దులపాల్సిందే.

జాలీ శుభ్రంగా ఉంటే గాలి బాగున్నట్టే అనుకోకండి. లంజిపల్లిలో ఒక పిన్ని గారింట్లో నాకిది బాగా అర్థమైంది. రెండు నెలల్లో రెండుసార్లు ఎవరో వచ్చి గ్యాస్ నింపి వెళ్లారు. మూడోసారీ ఐస్ కట్టింది. "ప్రతి ఆదివారం జాలీ నేనే కడుగుతాను బాబూ, ఇంక మురికి ఎక్కడుంటుంది?" అన్నారావిడ. ఆవిడ మాట నిజమే, జాలీ అద్దంలా ఉంది. ఎంసీబీ దించి, గాలి వచ్చే నోటి దగ్గర రెక్కలు పైకెత్తి లోపలికి టార్చి వేశాను. పొడవుగా గొట్టంలా ఉండే బ్లోవర్‌కు సన్నటి రెక్కలు వందలకొద్దీ ఉంటాయి. ప్రతి రెక్క లోపలి వంపూ నల్లటి జిడ్డు ముద్దతో నిండిపోయింది. చిటికెన వేలు పెట్టి తీస్తే మెత్తగా, తడి మట్టిలా ఊడి వచ్చింది, అగరుబత్తి వాసన కూడా వచ్చింది. పూజగది ఏసీకి ఎదురుగానే, వంటిల్లు పక్కనే. పొగ, నూనె ఆవిరి జాలీని దాటి వెళ్లిపోతాయి. బ్లోవర్ రెక్కల వంపు పూడిపోతే అది ఎంత వేగంగా తిరిగినా గాలి తోయదు, చప్పుడు మాత్రం చేస్తుంది. బ్లోవర్ విప్పి కడిగితే రెండు బకెట్ల నీళ్లు నల్లబడ్డాయి. అంతకుముందు ఎక్కువగా నింపేసిన గ్యాస్ తీసి, తూకం వేసి మళ్లీ నింపాం. ఆ ఏసీకి మళ్లీ ఐస్ కట్టలేదు.

కాబట్టి మీరూ టార్చి వేసి చూడండి. చూడటం వరకూ మీ పని. ఎంసీబీ దించకుండా మాత్రం వేలు పెట్టొద్దు. బ్లోవర్ విప్పి కడగడం మెకానిక్‌కు వదలండి. అతను వస్తే అడగాల్సిన మాట ఒకటుంది: "బ్లోవర్ కూడా కడుగుతారా, పై పైనే కడుగుతారా?" సర్వీసు అని చెప్పి కాయిల్ ముందు భాగం మీద నీళ్లు చిమ్మి వెళ్లిపోవడం చాలా చోట్ల చూస్తున్నాను. కాయిల్ వెనక భాగం, బ్లోవర్ అలాగే ఉండిపోతాయి.

బయటి యూనిట్ కడగడం గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. అది మురికిగా ఉంటే చల్లదనం తగ్గుతుంది, బిల్లు పెరుగుతుంది, ఎండలో కంప్రెసర్ ట్రిప్ అవుతుంది. లోపల ఐస్ కట్టడానికి మాత్రం సాధారణంగా అది కారణం కాదు. కడిగించండి, మంచిదే. ఐస్ సమస్యకు అది మందు అనుకోవద్దు.

బ్లోవర్ వేగం, సెన్సర్, సెట్టింగు

అన్నీ శుభ్రంగా ఉన్నా గాలి మందంగా వస్తుంటే మోటారు వేగం చూడాలి. పాత తరహా మోటార్లకు చిన్న కెపాసిటర్ ఉంటుంది, సుమారు 1 నుంచి 2.5 మైక్రోఫారడ్. అది బలహీనపడితే మోటారు తిరుగుతుంది కానీ ఊపు ఉండదు. వేళ్లతో తిప్పితే గట్టిగా తిరుగుతుంటే ఇరుసును పట్టుకునే బుష్ అరిగినట్టు. సాయంత్రం ఓల్టేజీ బాగా పడిపోయే పల్లెల్లో కూడా ఈ మోటార్లు నెమ్మదిస్తాయి. కొత్త ఇన్వర్టర్ ఏసీల్లో చాలావాటికి ఈ కెపాసిటర్ ఉండదు, అక్కడ తేడా వస్తే మోటారో, బోర్డో అవుతుంది. కెపాసిటర్ ముట్టుకునే పని మీరు పెట్టుకోకండి. కరెంటు తీసినా దానిలో ఛార్జ్ మిగిలి ఉంటుంది.

సెన్సర్ చిన్నదే, దాన్ని పట్టించుకునేవాళ్లూ తక్కువే. కాయిల్‌కు అతికించిన చిన్న రాగి గొట్టంలో అగ్గిపుల్ల లావున ఒక సెన్సర్ దూర్చి ఉంటుంది. కాయిల్ సున్నా దగ్గరికి వస్తుంటే అది బోర్డుకు చెబుతుంది, బోర్డు కంప్రెసర్‌ను ఆపుతుంది. సర్వీసు చేసేటప్పుడు అది ఊడి బయట వేలాడిపోతే, దానికి తగిలేది గది గాలి. కాయిల్ గడ్డకడుతున్నా "అంతా బాగానే ఉంది" అని చెబుతూనే ఉంటుంది. సర్వీసు అయిన వారంలోపు కొత్తగా ఐస్ మొదలైతే నేను ముందు దీన్నే చూస్తాను. ఊడిపోతే తిరిగి దూర్చి క్లిప్ పెట్టడానికి రెండు నిమిషాలు పడుతుంది. సెన్సర్ పాడైతే అదే విలువ ఉన్నది వేయాలి. కంపెనీని బట్టి విలువ మారుతుంది, ఏదో ఒకటి వేస్తే సరిపోదు.

గది కావాల్సినంత చల్లబడ్డాక కూడా బయటి యూనిట్ ఆగకుండా తిరుగుతూనే ఉంటే బోర్డు మీద రిలే (కంప్రెసర్‌ను ఆన్, ఆఫ్ చేసే స్విచ్) అతుక్కుపోయి ఉండొచ్చు. అప్పుడు కూడా తెల్లారేసరికి ఐస్ కడుతుంది.

సెట్టింగు సంగతి. 16 పెడితే గది త్వరగా చల్లబడుతుందన్నది అపోహ. పాత, ఇన్వర్టర్ కాని ఏసీ 24 పెట్టినా, 16 పెట్టినా ఒకే వేగంతో చల్లబరుస్తుంది, 16 దగ్గర ఆగడం మాత్రం జరగదు. స్టార్ గుర్తు ఉన్న రూమ్ ఏసీలు ఆన్ చేయగానే 24 దగ్గర మొదలవ్వాలని 2020 జనవరి 1 నుంచి నిబంధన ఉంది. అక్కడే ఉంచి, పైన ఫ్యాన్ వేసుకోండి. రాత్రి బ్లోవర్ చప్పుడు ఇష్టం లేక అందరూ లో స్పీడ్ పెడతారు. 16 డిగ్రీలు, లో స్పీడ్, చిన్న గది, బయట వాన, ఈ నాలుగూ కలిస్తే ఏ లోపమూ లేని ఏసీకి కూడా పైపు మీద మంచు పట్టొచ్చు.

చలికాలం రాత్రుళ్లు ఏటీఎం గదుల్లో, సర్వర్ గదుల్లో వచ్చే ఐస్ వేరే రకం. బయట బాగా చల్లగా ఉంటే బయటి యూనిట్‌లో ప్రెషర్ పెరగదు, కేపిలరీ గుండా గ్యాస్ సరిపడా తోసుకురాదు, లోపలి కాయిల్ సున్నా కిందికి వెళ్తుంది. కొరాపుట్ కొండల మీద శీతాకాలం రాత్రి పది డిగ్రీల కిందికి పడిపోతుంది. అక్కడ ఇరవై నాలుగు గంటలూ నడిచే ఏసీకి బయటి ఫ్యాన్ వేగం తగ్గించే కంట్రోలర్ పెట్టించాలి. గ్యాస్ నింపితే వేసవిలో అది ఎక్కువై కొత్త తంటా వస్తుంది.

ఇప్పుడు గ్యాస్

పైవన్నీ సరిగ్గా ఉండి, తొలి మంచు సన్న పైపు దగ్గరో కాయిల్ మూలనో పడుతుంటే గ్యాస్ తగ్గినట్టే అనుకోవచ్చు. ఇక్కడి నుంచి పని మెకానిక్‌ది. మీరు కళ్లతో చూసి అతనికి చెప్పగలిగింది ఒకటుంది, ఆయిల్ మరక. గ్యాస్‌తో పాటు కొంచెం ఆయిల్ కూడా పైపుల్లో తిరుగుతుంది, లీకైన చోట బయటికి వస్తుంది. నట్ల దగ్గర, కాయిల్ చివర వంపుల దగ్గర జిడ్డుగా దుమ్ము పట్టి ఉంటే, లేదా ఆకుపచ్చ చిలుము కనపడితే గుర్తు పెట్టుకోండి.

తీరం వైపు ఈ చిలుము ఎక్కువ. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఉప్పుగాలి ఇళ్ల గోడల మీద, మిషన్ల మీద పొరలా పట్టేసింది. నేనప్పుడు పని నేర్చుకుంటున్నాను. తర్వాతి వేసవిలో చాలా బయటి యూనిట్లలో అల్యూమినియం రేకులు చేత్తో తాకితే పొడిలా రాలాయి. సముద్రం దగ్గర ఉండేవాళ్లు నెలకోసారి బయటి యూనిట్‌ను మామూలు మంచినీళ్లతో మెల్లగా కడిగితే ఉప్పు పేరుకోదు. ఎంసీబీ దించి కడగండి.

లోపలి కాయిల్‌కు ఇంకో రకం తుప్పు ఉంది. రాగి గోడలో సూది మొన కన్నా సన్నటి దార్లు చీమల పుట్టలా లోపలికి తొలుచుకుపోతాయి. ఫార్మిక్, ఎసిటిక్ లాంటి ఆమ్లాల ఆవిరి, తేమ కలిసి ఈ పని చేస్తాయి. కొత్త ప్లైవుడ్, జిగురు, వార్నిష్ నుంచి ఆ ఆవిర్లు వస్తాయి. వెనిగర్‌లో ఉండేది కూడా ఎసిటిక్ ఆమ్లమే. అందుకే వెనిగర్‌తో కాయిల్ కడగమని ఎవరైనా వీడియోలో చెబితే వినకండి.

మెకానిక్ పని సరిగ్గా సాగితే ఇలా ఉంటుంది. ముందు లీకు వెతుకుతాడు. నట్ల మీద సబ్బు నురగ పూసి బుడగలు చూస్తాడు. దొరక్కపోతే మిగిలిన గ్యాస్ తీసేసి, నైట్రోజన్ నింపి, ప్రెషర్ గేజ్‌లో ముల్లు కదలకుండా నిలుస్తుందా అని కాసేపు వదిలి చూస్తాడు. నైట్రోజన్ బదులు ఆక్సిజన్ సిలిండర్ తెస్తే వెంటనే ఆపేయండి, మొహమాటపడొద్దు. ప్రెషర్‌లో ఉన్న ఆక్సిజన్‌కు కంప్రెసర్ ఆయిల్ తగిలితే పేలుతుంది.

లీకు మూసిన తర్వాత పైపుల్లోని గాలిని, తేమను లాగేసే వాక్యూమ్ పంపు పెట్టాలి. లోపల ఇంకా ఎంత గాలి మిగిలిందో కొలిచే మైక్రాన్ గేజ్ ఉంటే 500 మైక్రాన్ల కిందికి దింపి, పంపు ఆపాక నిలుస్తుందో లేదో చూడాలి. చాలామంది పంపు పెట్టకుండా కొంచెం గ్యాస్ వదిలి గాలి తోసేశాం అంటారు. ఆ పైపుల్లో మన ఊరి తేమ అలాగే మిగిలిపోతుంది. ఆ తేమ చుక్క కేపిలరీ మొన దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది. ఏసీ అరగంట బాగా పనిచేస్తుంది, తర్వాత చల్లదనం ఆగిపోతుంది, ఆపి కాసేపటికి వేస్తే మళ్లీ పనిచేస్తుంది. ఈ లక్షణం కనపడితే పైపుల లోపల నీళ్లున్నట్టు. తేమ పీల్చే డ్రయ్యర్ మార్చి, మళ్లీ వాక్యూమ్ చేయడం తప్ప దారి లేదు. మురికితో కేపిలరీ మూసుకుపోయినా ఐస్ కడుతుంది, అప్పుడు బయటి యూనిట్ లోపల మురికి ఆపే స్ట్రైనర్ మీదే మంచు కనపడుతుంది.

చివరికి నింపడం. యూనిట్ మీద అతికించిన స్టిక్కర్‌లో ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అని రాసి ఉంటుంది. తూకం మిషన్ మీద సిలిండర్ పెట్టి అంతే నింపాలి. ఆర్-410ఎ రెండు గ్యాసుల మిశ్రమం కాబట్టి సిలిండర్ నుంచి ద్రవంగానే తీయాలి. ఆర్-32 ఒకటే గ్యాస్, కానీ కొంచెం మండే గుణం ఉంది. ఆర్-290 అంటే ప్రొపేన్, వంటగ్యాస్ జాతిదే. ఆ యూనిట్ దగ్గర గ్యాస్ ఉండగా మంట వెలిగించకూడదు, శిక్షణ ఉన్నవాళ్లే ముట్టుకోవాలి. ఒక గ్యాస్ బదులు ఇంకోటి నింపడం ఏ పరిస్థితిలోనూ ఒప్పుకోవద్దు.

గేజ్ చూస్తే మీకూ కొంత అర్థమవుతుంది. కాయిల్ సున్నా డిగ్రీలకు చేరే ప్రెషర్ పాత ఏసీల్లోని ఆర్-22కు సుమారు 57 పీఎస్ఐ (గేజ్ మీద ప్రెషర్ కొలత), ఆర్-410ఎకు 101, ఆర్-32కు 103. లావు పైపు వైపు ముల్లు వీటి కన్నా కిందికి పోతే ఐస్ కడుతుంది. అయితే గాలి తగ్గినా ముల్లు కిందికే వస్తుంది! గేజ్ ఒక్కటి చూసి "గ్యాస్ తక్కువ" అని చెప్పడం అందుకే తప్పు. నేను పని నేర్చుకునే రోజుల్లో పర్లాకిమిడిలో ఒక రిటైర్డ్ మాస్టారి ఇంట్లో ఈ తప్పే చేశాం. ముల్లు తక్కువ చూపించిందని బ్లోవర్ చూడకుండా గ్యాస్ ఎక్కించాం. నెల తిరక్కుండా కంప్రెసర్ పోయింది. ఆయన మమ్మల్ని ఒక్క మాట అనలేదు, పింఛను డబ్బుల్లోంచి కొత్త కంప్రెసర్ వేయించుకున్నారు. ఆ రోజు నుంచి బ్లోవర్ చూడకుండా నేను గేజ్ బయటికి తీయను.

బాగైందని ఎలా తెలుస్తుంది

రిమోట్‌లో 18 పెట్టి, స్పీడు ఎక్కువ పెట్టి, తలుపులు మూసి పదిహేను నిమిషాలు ఆగండి. మామూలు థర్మామీటర్ ఒకటి చాలు. ఏసీ పైన గాలి లోపలికి వెళ్లే చోట ఒకసారి, కింద చల్లగాలి వచ్చే చోట ఒకసారి చూడండి. తేడా 8 నుంచి 12 డిగ్రీలు ఉండాలి. ఉక్కపోత రోజున 8 దగ్గరే ఉంటే కంగారు పడొద్దు, మిషన్ బలంలో కొంత నీళ్లు తీయడానికి పోతుంది. తేడా 15 దాటితే మంచిదనుకుంటారు, నిజానికి గాలి ఇంకా తక్కువగా ఉందని దానర్థం.

బయట లావు పైపు ముట్టుకుంటే ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాలా చల్లగా, తడిగా ఉండాలి. పైపుకు చుట్టిన నల్ల స్పాంజి చిరిగిపోయి ఉంటే మార్పించండి, లేకపోతే పైపు చెమట గోడలోకి దిగుతుంది. డ్రెయిన్‌లోంచి నీళ్లు ఆగకుండా రావాలి. ఆ రాత్రి మామూలుగా నడిపి, తెల్లవారుజామున ఒకసారి లేచి మూత తెరిచి కాయిల్ మీద టార్చి వేయండి. మంచు లేకపోతే మళ్లీ పడుకోండి. ఉంటే ఫొటో తీసి మెకానిక్‌కు పంపండి.